గారు బ్రదర్

మేడ్చల్‌లో ఫ్లెక్సీలు కొట్టే షాపతను అడిగిన మొదటి ప్రశ్నకే నేను బిక్కమొహం వేశాను. ఫొటో ఇచ్చాను. సైజు చెప్పాను. కన్నీటి నివాళి అన్న అక్షరాలు అతనే ఎర్ర రంగులో పెట్టాడు. తర్వాత కంప్యూటర్ మీంచి తల తిప్పి, "పేరేం పెట్టాల్నన్నా?" అన్నాడు.

నాకు తెలియదు. పొద్దున మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చిన కబురు ఇంతే: "గారు బ్రదర్ గారు ఇక లేరు." కేరళలో వాళ్ళ క్రైస్తవ మఠంవారు నడిపే వృద్ధుల ఇంట్లో, నిద్రలోనే పోయారట. అది చదివి ఫోన్లు చేసుకుని ఏడ్చినవాళ్ళున్నారు. శామీర్‌పేట బళ్ళో పూజ పెట్టిద్దామన్నవాళ్ళున్నారు. ఫ్లెక్సీ పని నాకు అంటగట్టినవాళ్ళున్నారు. ఆ కబురులో ఆయన పేరు లేదన్న సంగతి మాత్రం ఎవ్వరికీ తట్టలేదు. ఎదురుపడ్డ ప్రతి మనిషినీ ఆపి పూర్తి పేరు కనుక్కునే మనిషి పేరు మాలో ఒక్కరికీ తెలియదు.

షాపులోంచే బడి ఆఫీసుకు ఫోన్ చేశాను. వాళ్ళు చెప్పిన పేరు చాలా పొడుగుంది. ముందు ఒక పునీతుడి పేరు, వెనక తండ్రి పేరు, చివర ఇంటి పేరు. గ్రూపులో పెడితే, కుత్బుల్లాపూర్‌లో వర్క్‌షాప్ నడిపే మా క్లాస్‌మేట్ "గీయన ఎవరు మామా?" అని అడిగాడు. చివరికి "మా గారు బ్రదర్" అనే కొట్టించాను. షాపతను అది అచ్చుతప్పేమోనని రెండుసార్లు అడిగాడు. ఆ అసలు పేరు ఇక్కడా రాయను. రాస్తే ఇంకెవరి గురించో చెబుతున్నట్టుంటుంది.

ఆయన మలయాళీ. బ్రదర్ అంటే ఫాదర్ కాని సన్యాసి. పూజ చేయించరు, పెళ్ళి చేసుకోరు, బళ్ళో పాఠాలు చెబుతారు. కుర్రతనంలో మఠంవాళ్ళు ఆయన్ని గుంటూరు వైపు ఒక ఊరికి పంపారు. అక్కడ ఆయనకు తెలుగు నేర్పింది వంటామె. ఆవిడ మహా మర్యాదస్తురాలు. ఫాదర్ గారు, పోస్టుమాన్ గారు, పాలబ్బాయి గారు అని తప్ప నోరు తెరిచేది కాదట. దాంతో మన బ్రదర్, రాముడికి డు ఉన్నట్టే తెలుగువాళ్ళ ప్రతి పేరుకూ చివర గారు ఉంటుందని అనుకున్నారు. ఆవిడను చూసి అలా అనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు.

ఆ తెలుగు పట్టుకుని మా మధ్యకు వచ్చి పడ్డారు. మా వైపు అవ్వను, తాతను కూడా నువ్వు అనే అంటాం. గారు అనేది మాకు పెండ్లి పత్రికల్లో తప్ప కనబడదు. మొదటి రోజు హాజరు పిలుస్తూ ఆయన "మధుసూదన్ గారు" అంటే, ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని వెనక్కి తిరిగి చూశాను. క్లాసంతా ఘొల్లుమంది. ప్రిన్సిపాల్ ఫాదర్ పెంచే టైగర్ అనే కుక్క గుమ్మం దగ్గరికొస్తే, "టైగర్ గారు, లోపల పాఠం జరుగుతోంది, తర్వాత రండి" అన్నారు. ఆ మధ్యాహ్నానికల్లా ఆయనకు మేం పెట్టిన పేరు బడంతా పాకిపోయింది.

కోపం వస్తే గారు ఇంకా గట్టిపడేది. "గాడిద గారు, ఇలా రండి" అనేవారు. ఆ మాటకు నవ్వాలో భయపడాలో తెలియక సగం సగం చేసేవాళ్ళం.

యాప్రాల్ కాలనీ నుంచి వచ్చే సాయి వాళ్ళది తెనాలి వైపు. ఇంట్లో అండీ లేకుండా మాట పూర్తికాని కుటుంబం. వాడొక రోజు లేచి నిలబడి, మా వైపు కూడా చిన్నపిల్లల్ని గారు అనరండీ, మీకెవరో తప్పు నేర్పారు అని చెప్పేశాడు. బ్రదర్ ముఖం ఎర్రబడింది. సుద్దముక్క కింద పెట్టారు. ఆ తర్వాత చెప్పిన మాట ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొస్తుంది.

"తప్పని ఇప్పుడు తెలిసింది. మానేద్దామనే అనుకున్నాను. కానీ ఎవరి పేరు దగ్గర మానేయాలి, సాయి గారు?"

సాయి కూర్చున్నాడు. ఆయన మానలేదు.

ఇంట్లో నేను అరేయ్‌ని, ఓయ్ పోరడాని. నా పేరు పక్కన గారు పెట్టిన మొట్టమొదటి మనిషి ఆయనే. మొదట్లో వెక్కిరింతగానే తోచింది. తర్వాత తర్వాత, ఇంటికి వెళ్ళే దారిలో ఎవరూ లేనప్పుడు మధుసూదన్ గారు అని నాకు నేనే అనుకుని చూసుకునేవాణ్ణి. బాగుండేది. ఆయన అలా పిలిచాక ఆయనకు అబద్ధం చెప్పడం కష్టం. చెప్పేవాళ్ళం, కాదనను, కాని కష్టపడి చెప్పేవాళ్ళం.

మోరల్ సైన్స్ ఆయనే చెప్పేవారు. పుస్తకం ఉంది. అందులో ముసలమ్మను రోడ్డు దాటిస్తున్న మంచి బాలుడి బొమ్మ ఉంది. ఆ పుస్తకాన్ని ఆయన అల్మారాలో పెట్టి తాళం వేశారు. బదులుగా, వారమంతా మనకు ఎవరో ఒకరు ఏదో ఒక పని చేసిపెడతారు కదా, వాళ్ళలో ఒకరి పూర్తి పేరు తెలుసుకుని రమ్మనేవారు. ఆ పాఠం వల్లనే, గేటు బయట పానీపూరీ అమ్మే భయ్యాకు తాతగారి పేరు పెట్టారని, మరుగుదొడ్లు కడిగే అమ్మ పేరు మహారాణి అని మాకు తెలిసింది. ఆ రెండో పేరు తెలిశాక కొన్నాళ్ళు మరుగుదొడ్లు శుభ్రంగానే ఉన్నాయి.

అక్కడి గోడ మీద ఒకసారి ఎవరో లెక్కల సారు గురించి బొగ్గుతో ఒక బూతు వాక్యం రాశారు. బ్రదర్ చూశారు. మేమంతా దొరికిపోయామనుకున్నాం. ఆయన జేబులోంచి ఎర్ర సుద్ద తీసి, వాక్యంలో సారు పేరు పక్కన చిన్న గుర్తు పెట్టి, పైన గారు అని రాసి వెళ్ళిపోయారు. ఇప్పుడా బూతు ఎంత ఘోరంగా ఉందంటే, రాసినవాడే ఇంటర్వెల్‌లో తడిగుడ్డతో వచ్చి చెరుపుకున్నాడు.

క్రికెట్‌కు అంపైర్ కూడా ఆయనే. తెల్ల అంగీ మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని వికెట్ల వెనక నిలబడేవారు. బంతి బ్యాటుకు రాసుకుని కీపర్ చేతిలో పడిందా లేదా అన్న తగువు వస్తే వేలెత్తేవారు కాదు. "తగిలిందా, రమేష్ గారు? మీకే తెలుస్తుంది" అని బ్యాటు పట్టుకున్నవాణ్ణే అడిగేవారు. తగల్లేదంటే ఆట సాగించేవారు. అబద్ధమని మైదానమంతా అరుస్తున్నా ఆయన చెవిన పడేది కాదు. అలా అబద్ధమాడి మిగిలినవాడు ఆ తర్వాత సరిగ్గా ఆడగలగడం నేనైతే చూడలేదు.

ఒకసారి బయటి బడితో పోటీ. మా కెప్టెన్ శీను మా పెద్దబాపు కొడుకు, అంటే మా నాన్న అన్న కొడుకు; వాడూ నేనూ అత్వెల్లి నుంచి ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. గెలుపు చేతికందిన సమయంలో బంతి శీను బ్యాటుకు తగిలీ తగలనట్టు పోయి కీపర్ చేతిలో పడింది. అవతలి పిల్లలు కూడా అడగలేదు. శీను బ్యాటు చంకలో పెట్టుకుని, "తగిలింది బ్రదర్" అని నడిచొచ్చాడు. ఓడిపోయాం. ఆ సాయంత్రం బ్రదర్ బడి వెనక తాను పెంచే కర్రపెండలం తవ్వి, ఉడికించి, పచ్చిమిర్చి కారంతో టీమంతటికీ విందు చేశారు. ఆ దుంపంటే మాకు ప్రాణం పోయినంత పని. ఓడినందుకు శిక్ష అనుకునే తిన్నాం.

శీను అలాంటివాడని ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత జరిగింది విని వాణ్ణి చెడ్డవాడనుకోవద్దని.

సాయంత్రాలు బ్రదర్ ఏదో ఒక బడి బస్సెక్కి, చివరి పిల్లవాడు దిగేదాకా వచ్చి, ఖాళీ బస్సులో తిరిగి వెళ్ళేవారు. ఒక రోజు మా బస్సెక్కారు. మేడ్చల్ దాటుతుండగా రోడ్డు పక్క మిర్చి బజ్జీల బండి కనబడింది. శీను వెనక సీట్లోంచి డ్రైవర్‌ను కేకేశాడు.

"అరేయ్ యాదిగా, ఆపురా."

బస్సు ఠక్కున ఆగింది. ముందు సీట్లో కూర్చున్న బ్రదర్, ఎందుకు ఆపారండీ యాదగిరి గారు అని అడిగితే, చిన్న పటేల్ ఆపుమన్నడు సార్ అని శీనును చూపిస్తూ చెప్పాడు డ్రైవర్. అది అతనికి చాలా మామూలు సంగతి. యాదగిరి మా ఊరివాడే, మా నాన్న కంటే కొంచెం చిన్న. అతని తండ్రి పెద్దబాపు దగ్గర ఏడాది జీతానికి పొలం పని చేశాడు. యాదగిరి కూడా చిన్నప్పుడు మా బర్రెలు కాశాడు. పొలాలు ప్లాట్లయి, పెద్దబాపు రియల్ ఎస్టేటూ రాజకీయమూ పట్టుకున్నాక, ఇతను డ్రైవింగ్ నేర్చుకుని ఈ బస్సెక్కాడు. జీతం మానినా పిలుపు మాత్రం మారలేదు. మా ఇంట్లో నడక నేర్చిన ప్రతివాడూ అతన్ని యాదిగా అనే పిలిచాడు.

బ్రదర్ వెనక సీటు దాకా నడిచొచ్చి, ఆయన పూర్తి పేరేమిటని శీనును అడిగారు. శీను నవ్వాడు. యాదిగాడే బ్రదర్, మా జీతగాడు, మా ఇంట్ల అందరు గట్లనే పిలుస్తరు అన్నాడు. వాడి గొంతులో పొగరు లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడంతే. అందుకే బ్రదర్‌కు అంత కోపం వచ్చిందేమో.

"ఆయన పేరు యాదగిరి. పక్కన గారు పెట్టి పిలిచిన రోజు ఈ బస్సెక్కండి, శ్రీనివాస్ గారు. అంతవరకూ ఎక్కకండి."

ఆయన ఒక మాట అన్నారంటే వెనక్కి తీసుకోవడం లేదు. కిటికీ అద్దం పగలగొట్టినవాడు ఒప్పుకోలేదని ఒకసారి నెల రోజులు బడి మొత్తానికి ఆటలు బంద్ పెట్టిన మనిషి. శీను మర్నాటి నుంచి తండ్రి కారులో రావడం మొదలుపెట్టాడు. నేను ఇంటి దగ్గర నచ్చజెప్పబోయాను. "అనొచ్చురా. గని నోరు తిరుగుతలేదు" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. నేను కూడా ఇంటి వెనక నిలబడి ఒకసారి యాదగిరి గారు అని చూశాను. నా చెవికే దొంగమాటలా వినిపించింది.

కారు ఎందుకని పెద్దబాపు కొన్నాళ్ళు అడగలేదు. తెలిసిన రోజున ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని నేరుగా బడికొచ్చాడు. ఆ గొడవప్పుడు బస్సులో ఉన్నాను కాబట్టి నన్నూ ఆఫీసు గదిలోకి పిలిచారు. శీను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బ్రదర్ లేచి, కూర్చోండి పటేల్ గారు అన్నారు. పెద్దబాపు కొంచెం చల్లబడినట్టే కనిపించాడు. అంతలో మంచినీళ్ళు తెచ్చిన ఆయాను కూడా బ్రదర్ గారు పెట్టి పిలిచేసరికి మళ్ళీ మండిపడ్డాడు. మా జీతగానికి నా కొడుకుతోని గారు అనిపిస్తవా, గిదేనా మీరు నేర్పే సదువు అని గదంతా అదిరేలా అరిచాడు. బ్రదర్ కదల్లేదు. టీసీ కావాలంటే ఇప్పిస్తాను, మాట మాత్రం మార్చను అన్నారు. పదో తరగతి సగంలో ఉన్నాం. శీను తల వంచుకున్నాడు.

అప్పుడు పెద్దబాపు యాదగిరిని పిలిపించాడు.

యాదగిరి గడప బయట చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని వచ్చాడు. నీకు గారు గావాల్నారా అని పెద్దబాపు అడిగాడు. యాదగిరి బ్రదర్ వైపు చూడలేదు, శీను వైపు చూశాడు.

"నేనే యాదిగా అని పిలువుమన్న పటేలా. పరాష్కానికి. చిన్న పటేల్ తప్పేం లేదు."

నవ్వులాటకు తానే పిలవమన్నాడన్నది పచ్చి అబద్ధమని ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. పెద్దబాపు అంతటితో ఊరుకోలేదు. గొంతు తగ్గించాడు. అరిచినప్పటి కంటే అదే ఎక్కువ భయం వేసింది.

"నువ్వు ఇల్లు కట్టుకున్న జాగ ఎవలదో యాదికున్నదా?"

యాదగిరి ఇల్లు కట్టుకున్నది పెద్దబాపు ఎప్పుడో నోటిమాటగా ఇచ్చిన తావులో. చేతిలో కాగితం లేదు. ఇప్పుడు దాని చుట్టూ వెంచర్ రాళ్ళు పాతి ఉన్నాయి. మీదే పటేలా అన్నాడు యాదగిరి. చేతుల్లోని తువ్వాలును మెలిపెట్టాడు. బ్రదర్ ఆ చేతుల వైపు చూశారు. జాగ సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు. ఆయన ముఖంలో కోపం కరిగిపోవడం నా కళ్ళతో చూశాను. ఆ స్థానంలో వచ్చింది సిగ్గు. అంత పెద్ద మనిషి సిగ్గుపడటం నేను చూడటం అదే మొదటిసారి.

బల్ల చుట్టూ తిరిగి వచ్చి యాదగిరి ముందు నిలబడి చేతులు జోడించారు.

"యాదగిరి గారు, మీ గౌరవం కోసమనుకుని మిమ్మల్ని అడక్కుండానే గొడవ పెట్టాను. దాని భారం మీ నెత్తిన పడుతుందని ఆలోచించలేదు. తప్పు నాది."

తర్వాత పెద్దబాపు వైపు తిరిగి, అబ్బాయి గారు ఈ సాయంత్రం నుంచే బస్సెక్కవచ్చు, ఎవరినీ ఏమీ అనక్కర్లేదు, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను అని చెప్పారు. పెద్దబాపు గెలిచానన్న తృప్తితో లేచాడు. యాదగిరి బయటికొచ్చి చెప్పులు వేసుకోబోతే కాళ్ళు సరిగ్గా దూరలేదు. శీను గుమ్మంలో నిలబడి అది చూస్తూ ఉన్నాడు. కారెక్కమని తండ్రి పిలిస్తే, బస్సుల వస్త అన్నాడు.

ఆ సాయంత్రం బ్రదర్ కూడా మా బస్సే ఎక్కారు. ముందు సీట్లో కూర్చుని జపమాల తిప్పుకుంటున్నారు. ఎవరి పేర్లూ అడగలేదు, ఎవరినీ పలకరించలేదు. మొండివాణ్ణని పేరు పడ్డ మనిషి అంత చిన్నగా కూర్చోవడం చూస్తే నాకు ఏడుపొచ్చింది. మేడ్చల్ దాటాం. బజ్జీల బండి దాటాం. అత్వెల్లి స్టాపు దగ్గర పడుతుండగా శీను బ్యాగు తగిలించుకుని, సీట్లు పట్టుకుంటూ డ్రైవర్ పక్కదాకా నడిచాడు. అక్కడ బస్సు రోజూ ఆగుతుంది. ఎవరూ అడగక్కర్లేదు.

"కాకా, జర ఆపు" అన్నాడు.

బస్సులో మా ఊరి పిల్లలందరూ ముందుకు వంగి చూశారు. కాకా అంటే మాకు చిన్నాన్న; మా ఇంట్లో యాదగిరిని అలా వరస పెట్టి పిలిచినవాళ్ళు అంతకుముందు లేరు. ఆ మాట మేం దిగేలోపే మా కంటే ముందు ఇల్లు చేరుతుందని శీనుకు తెలుసు. చేరింది కూడా. పెద్దబాపు చాలాకాలం కొడుకుతో మాట్లాడలేదు. కాని కొడుకు నలుగురిలో కాకా అని పిలిచిన మనిషి చేత జాగ ఖాళీ చేయిస్తే ఊరు నవ్వేది తనను చూసే అని ఆయనకు అర్థమైంది. ఆ ఇంటి జోలికి మళ్ళీ పోలేదు.

అదంతా తర్వాత సంగతి. అప్పుడు మాత్రం యాదగిరి బస్సు ఆపి, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి, ముందుకు చూస్తూ కూర్చున్నాడు. తలుపు తీయడం మరిచిపోయాడు. ఏం జరిగిందో అర్థం కానిది బ్రదర్ ఒక్కరికే. ఆయన వింటున్నది గారు కోసం. అది వినబడలేదు. బలవంతం లేదని తానే చెప్పారు కాబట్టి గట్టిగా అడగలేక, సందేహంగా శీను వైపు చూశారు.

"గారు అనలేదండీ?"

శీను చెవులదాకా ఎర్రబడ్డాడు.

"ఇంటోళ్లను ఎవరన్న గారంటరా బ్రదర్?"

బ్రదర్ చేతిలో జపమాల ఆగింది. ఆ మాట ఆయన బుర్రలోకి ఎక్కడానికి కొంచెం సమయం పట్టింది. ఆ వంటామె ఆయనకు నేర్పని తెలుగు అది. ఎక్కాక ముఖమంతా విప్పారింది. తలుపు తెరుచుకుంది, శీను దిగాడు, నేను దిగాను, మా ఊరి పిల్లలందరూ దిగారు. బస్సు కదలకపోయేసరికి వెనక్కి తిరిగి చూశాం. యాదగిరి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. బ్రదర్ లేచి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసి, కిటికీలోంచి మాకు వినబడేంత గట్టిగా అన్నారు.

"ఇక పోదాం పదండి, కాకా గారు."